గీత వంకరగా వచ్చిందని పారేయకమ్మా

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం. నాన్నగారు మొగల్తూరు వైపు మూడెకరాల్లో వనామీ వేస్తారు. పోయిన పంటలో రాత్రికి రాత్రి రొయ్యలు తేలిపోయాయి, అమ్మోనియా పెరిగిపోయిందన్నారు. ఆ ఉక్రోషంతోనే జింక్ ఆక్సైడ్ నానోవైర్లతో అమ్మోనియా సెన్సర్ చేస్తానని ప్రాజెక్టు తీసుకున్నాను. బంగారం ఎలక్ట్రోడ్ల మధ్య ఒక్కో తీగ పడేలా ఆరు ముక్కలు చేశాను. తీగ మందం 300 నానోమీటర్లు. నాలుగింటికి వోల్టేజి, కరెంటు గీత తిన్నగా వచ్చింది. 200 డిగ్రీల దగ్గర 50 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకి 50) అమ్మోనియా ఇస్తే వాటిలో కరెంటు 7, 8 శాతం పెరుగుతోంది, అంతే. మిగిలిన రెండింటికి గీత వంకరగా వచ్చింది. ఒక వైపు లేస్తుంది, రెండో వైపు దాదాపు పడుకునే ఉంటుంది. కాంటాక్టులు పాడయ్యాయి, 450 డిగ్రీల్లో ఎనీల్ చేసి చూడు, అప్పటికీ తిన్నగా రాకపోతే పారేసి కొత్తవి చెయ్యి అన్నారు గైడు గారు. తీగలు ఇంకా పొడుగ్గా పెంచితే సెన్సిటివిటీ పెరుగుతుందా? లోహం మార్చమంటారా? దయచేసి దారి చూపండి.

— ఒక విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: అమ్మా, ముందు ఆ ఫర్నేసు స్విచ్చి కట్టెయ్యి. ఆ వంకర గీతల ముక్కలు రెండూ జాగ్రత్తగా డబ్బాలో పెట్టు. నీ ఆరింటిలో నీకు పనికొచ్చేవి ఆ రెండే కావచ్చు.

మీ గైడు గారిని తప్పు పట్టడం లేదు. తీగ నిరోధం కొలవాలన్నా, ట్రాన్సిస్టర్ చేయాలన్నా గీత తిన్నగా రావాల్సిందే. లోహం, తీగ కలిసే చోట ఏ అడ్డూ ఉండకూడదు. దాన్నే ఓమిక్ కాంటాక్ట్ అంటాం. మా కాలంలో మేమూ అదే నేర్పాం. వంకర గీత చూపిస్తే రికార్డు మీద ఎర్రసిరా పడేది. సెన్సర్ దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది.

నీ 8 శాతం ఎక్కణ్ణించి వచ్చిందో ముందు చూద్దాం. జింక్ ఆక్సైడ్ తీగ గాలిలో ఉంటే దాని ఒంటి మీద ఆక్సిజన్ అతుక్కుని, తీగలోంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది. దాంతో తీగ పైపొర కొంత మందాన ఎలక్ట్రాన్లు లేకుండా ఎండిపోతుంది. కరెంటు నడిచేది మధ్యలో మిగిలిన భాగంలోనే. అమ్మోనియా వచ్చి ఆ ఆక్సిజన్‌తో చర్య జరిపితే ఎలక్ట్రాన్లు తిరిగి తీగలోకి వస్తాయి, ఎండుపొర పలచబడుతుంది. ఆ పొర 20 నానోమీటర్ల నుంచి 15కి తగ్గిందనుకుందాం. నీ తీగ వ్యాసార్ధం 150. కరెంటు నడిచే భాగం వ్యాసార్ధం 130 నుంచి 135 అవుతుంది. రెండింటి వర్గాల నిష్పత్తి తీస్తే 1.078. అంటే పెరుగుదల 7.8 శాతం. నీకు వచ్చింది 7, 8. నీ సెన్సర్‌లో లోపమేమీ లేదమ్మా, దాని చేతనైనంతా అది చేస్తూనే ఉంది.

పొడుగు పెంచితే ఏమవుతుందన్నావు. ఏమీ అవదు. అమ్మోనియాకి ముందూ, తర్వాతా రెండు సార్లూ నిరోధం పొడుగుతోనే పెరుగుతుంది, నిష్పత్తి ఉన్నచోటే ఉంటుంది. సన్నగా చేస్తే మాత్రం మారుతుంది. 60 నానోమీటర్ల తీగైతే వ్యాసార్ధం 30. పై లెక్కే వేస్తే 10 కాస్తా 15 అయి, కరెంటు రెండుంపావు రెట్లవుతుంది. అదొక దారి. కానీ అంత సన్నటి తీగలు ఒకే మందంతో పెంచడం, వాటిని విరక్కుండా ఎలక్ట్రోడ్ల మధ్య పడుకోబెట్టడం మీ కాలేజీ సామగ్రితో తలకు మించిన పని. నీ చేతిలో ఉన్న రెండో దారి చెబుతాను.

నువ్వు కాలవ గట్టున పుట్టిన పిల్లవి. కాలవలో గుర్రపుడెక్క పేరుకుంటే నీరు మందగిస్తుంది. పదిమంది దిగి పొద్దస్తమానం లాగితే పారుదల ఒక వీసం పెరుగుతుంది. తిన్న గీత సెన్సర్‌లో అమ్మోనియా చేసే పని అదే, కాలవ పొడుగునా ఒడ్డున కాస్త డెక్క తియ్యడం. అదే లస్కరు వచ్చి తూము దగ్గర షట్టరు మీద చెయ్యి వేశాడనుకో, కింద బోదెలన్నిటికీ ఒక్కసారే తెలుస్తుంది. నీ వంకర గీత ముక్కల్లో లోహం, తీగ కలిసే చోట అలాంటి షట్టరు తనంతట తానే ఏర్పడింది. దాన్ని షాట్కీ కాంటాక్ట్ అంటారు. 1938లో వాల్టర్ షాట్కీ దాని సంగతి వివరించాడు.

ఉపమానం ఇక్కడిదాకానే. షట్టరు రెండింతలు లేపితే నీరు రెండింతలు వస్తుంది, ఎలక్ట్రాన్ల తీరు అది కాదు. వాటికి సరైన పోలిక వరదనాటి ఏటిగట్టు. గట్టు ఎత్తు కంటే నీటిమట్టం తక్కువే ఉంటుంది, కానీ ఎక్కడో ఒక పెద్ద అల లేచి గట్టు దాటి పొర్లుతుంది. అంత ఎత్తు లేచే అలలు బహు తక్కువ. గట్టు జానెడు కుంగితే దాటే అలలు జానెడు పెరగవు, పదింతలవుతాయి. ఎలక్ట్రాన్లకు అల అంటే వేడి. గట్టు అంటే లోహం, తీగ కలిసే చోటి అడ్డుగోడ, దాని ఎత్తుని ఎలక్ట్రాన్ వోల్టు అనే శక్తి కొలతలో చెబుతాం. మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర ఆ ఎత్తు 0.06 ఎలక్ట్రాన్ వోల్టు తగ్గితే దాటే కరెంటు 10 రెట్లవుతుంది. 0.12 తగ్గితే 100 రెట్లు. తీగ ఒంటి మీద 8 శాతం మార్పు తెచ్చిన ఆ అమ్మోనియాయే, కాంటాక్ట్ అంచున ఉన్న ఆక్సిజన్‌ని కదిపి గోడని కాస్త కుంగదీస్తే ఎంత తేడా వస్తుందో నువ్వే ఊహించుకో.

ఇది నా ఊహ కాదు. 2009లో అమెరికాలోని జార్జియా టెక్‌లో జాంగ్ లిన్ వాంగ్ బృందం చేసి చూపించింది. జింక్ ఆక్సైడ్ తీగకి ఒక చివర షాట్కీ కాంటాక్ట్, రెండో చివర ఓమిక్ కాంటాక్ట్ పెట్టారు. 275 డిగ్రీల దగ్గర 400 పీపీఎం కార్బన్ మోనాక్సైడ్ ఇస్తే కరెంటు మార్పు 32,000 శాతం దాకా వచ్చింది. రెండు చివరలా ఓమిక్ ఉన్న సెన్సర్ కంటే అది సుమారు పదివేల రెట్లు. స్పందించడానికి పట్టే కాలం కూడా ఏడో వంతుకు దిగింది. అదే ఏడాది అదే బృందం అతినీలలోహిత కాంతితో చేసిన ప్రయోగంలో, వెలుగు ఆపాక సెన్సర్ మొదటి స్థితికి రావడానికి పట్టే సమయం 417 సెకన్ల నుంచి 0.8 సెకనుకి తగ్గింది. వేగం ఎందుకు పెరిగిందో సులువుగానే తెలుస్తుంది. మొత్తం తీగ ఒంటి మీద ఆక్సిజన్ ఎక్కి దిగే దాకా ఆగక్కర్లేదు, కాంటాక్ట్ అంచున ఉన్న కాసినీ మారితే చాలు.

ఇక్కడో పాత ముచ్చట చెప్పాలి. మా పెద్దనాన్నకి ఒక గెలీనా రేడియో ఉండేది. బ్యాటరీ లేదు, వాల్వు లేదు. సీసపు ఖనిజం రాయి చిన్న లోహపు గిన్నెలో కూర్చుని ఉండేది, పైన సేఫ్టీ పిన్ను ముల్లు ఆ రాయిని అలా తాకీతాకనట్టు ఆనుకునేది. కొబ్బరిచెట్ల మధ్య కట్టిన ఏరియల్ తీగతో రాత్రిపూట విజయవాడ కేంద్రం వినిపించీ వినిపించనట్టు వచ్చేది. ముల్లు జరిగితే పాట ఆగిపోయేది, మళ్ళీ వెతుక్కోవాలి. ఎనిమిదో తరగతిలో నాకో గొప్ప ఆలోచన వచ్చింది. ముల్లుని రాయికి టంకం పెట్టి అతికేస్తే ఇక జరగదు కదా! ఆయన పొలం వెళ్ళినప్పుడు ఆ పని కానిచ్చాను. కాంటాక్ట్ బ్రహ్మాండంగా కుదిరింది, రేడియో మూగబోయింది. వీపు విమానం మోత మోగింది. నీ ముక్కల్ని 450 డిగ్రీల్లో పెట్టి గీత తిన్నగా చెయ్యమనడం చదివినప్పుడు నాకు ఆ టంకం వాసనే వచ్చింది.

ఆ రాయి కింద గిన్నెతో కలిసే చోటు విశాలంగా, అడ్డులేకుండా ఉంటుంది. పైన ముల్లు మొన దగ్గర మాత్రం గోడ. ఒక చివర ఓమిక్, ఒక చివర షాట్కీ. 1874లో ఫెర్డినాండ్ బ్రౌన్ ఇలాంటి ఖనిజాల మీదే కరెంటు ఒక వైపే సాఫీగా పోవడం గమనించాడు. మన జగదీశ్ చంద్ర బోస్‌కి గెలీనా డిటెక్టర్ మీద 1904లో అమెరికా పేటెంటు వచ్చింది. నానో అన్న మాట కొత్తదే గాని తంతు పాతదేనమ్మా.

సరే, పనిలోకి. గీత వంకరగా ఉన్నంత మాత్రాన అది షాట్కీ కాంటాక్టే అని నమ్మెయ్యకు. ఎలక్ట్రోడ్ల అచ్చు కోసం పూసిన రెసిస్ట్ పూత పూర్తిగా కడగకపోయినా, మధ్యలో దుమ్ము పడ్డా, తీగ బంగారం మీద సరిగా ఆనకపోయినా గీత వంకరపోతుంది. అది చెత్త వంకర. తేడా పట్టడానికి, మైనస్ 2 నుంచి ప్లస్ 2 వోల్టుల దాకా నిదానంగా ఎక్కించి, మళ్ళీ దించు. పోయిన గీత, వచ్చిన గీత ఒకదాని మీద ఒకటి పడాలి. రేపు తీసినా, ఎల్లుండి తీసినా అదే రావాలి. తర్వాత హీటరుని 150, 175, 200, 225 డిగ్రీల దగ్గర నిలబెట్టి, రివర్స్ వైపు అంటే గీత పడుకుని ఉన్న వైపు, ఒకే వోల్టేజి దగ్గర కరెంటు రాసుకో. కరెంటుని కెల్విన్ ఉష్ణోగ్రత వర్గంతో భాగించి లాగరిథం తీసి, ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గుర్తించు. చుక్కలు సరళరేఖ మీద పడితే నీ దగ్గర నిజంగా గోడ ఉంది, ఆ రేఖ వాలు దాని ఎత్తు చెబుతుంది. ఆ ప్రయోగం మాత్రం పొడి గాలిలో, చీకట్లో చెయ్యి. జింక్ ఆక్సైడ్ కిటికీలోంచి వచ్చే ఎండకి కూడా మాట్లాడుతుంది, మాట్లాడ్డం మొదలెడితే గంటల తరబడి ఆపదు.

ఇప్పుడు అసలు పరీక్ష. అదే 50 పీపీఎం అమ్మోనియా ముందు ఫార్వర్డ్ వైపు, అంటే గీత లేచే వైపు ఇచ్చి చూడు, తర్వాత బ్యాటరీ తిప్పి రివర్స్ వైపు ఇచ్చి చూడు. ఫార్వర్డ్‌లో వోల్టేజి పెంచితే గోడ దాదాపు కూలిపోతుంది, కరెంటుని ఆపేది ఇక తీగ ఒళ్ళే. అక్కడ నీకు మళ్ళీ ఆ 7, 8 శాతమే రావచ్చు. రివర్స్‌లో కరెంటు మొత్తం గోడ చేతిలో ఉంటుంది. ఆ వైపు మార్పు రెట్లలో కనిపిస్తే, సెన్సర్ పని చేసేది తీగ మధ్యలో కాదు, దాని చివరన అని నీ థీసిస్‌లో ధైర్యంగా రాసుకోవచ్చు. ఒకే ముక్క, ఒకే గ్యాసు, తేడా బ్యాటరీ తిప్పడం ఒక్కటే. ఈ బొమ్మ చూపిస్తే మీ గైడు గారు కూడా కాదనలేరు.

లోహం సంగతి అడిగావు. బంగారం, ప్లాటినం, పలాడియం జింక్ ఆక్సైడ్ మీద గోడ కట్టే లోహాలు. అల్యూమినియం, టైటానియం గోడ లేకుండా కలిసిపోయేవి. పుస్తకంలో లోహం వర్క్ ఫంక్షన్ (ఎలక్ట్రాన్‌ని లోహంలోంచి బయటికి లాగడానికి కావలసిన శక్తి) లోంచి సెమీకండక్టర్ ఎలక్ట్రాన్ అఫినిటీ (బయటి ఎలక్ట్రాన్ దానిలోకి చేరితే వెలువడే శక్తి) తీసేస్తే గోడ ఎత్తు వస్తుందని ఉంటుంది. ఆ లెక్కన ప్లాటినానికి 1 ఎలక్ట్రాన్ వోల్టు దాటాలి. చేతికొచ్చేది సాధారణంగా 0.6, 0.8 మధ్యే. తీగ ఉపరితలం మీద ఉండే లోపాలు, మురికి ఎలక్ట్రాన్లని పట్టుకుని గోడ ఎత్తుని తామే నిర్ణయించేస్తాయి. 1947లో భౌతిక శాస్త్రవేత్త జాన్ బార్డీన్ చెప్పింది ఇదే. ఒకే బంగారం వేసినా నీకు నాలుగు తిన్నగా, రెండు వంకరగా రావడానికి కారణం బహుశా ఇక్కడే ఉంది. లోహం వేసే ముందు తీగల్ని ఆక్సిజన్ ప్లాస్మాలో కాసేపు ఉంచడం గాని, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో శుభ్రం చెయ్యడం గాని చేస్తే గోడలు మెరుగ్గా, ఒకేలా వస్తాయి. రెండింటికీ మించి, ఎవరి చేతి వేళ్ళూ ముక్కకి తగలకూడదు.

ఇంకొకటి, చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. కాంటాక్ట్ గట్టిగా ఉండాలని తీగ చివర మీద లోహం మందంగా పోసి పాతేస్తారు. అమ్మోనియా ఆ గోడ దాకా రావాలి కదా! తీగ బంగారం మీద పైన ఊరికే పడుకుని ఉంటే, తీగ, లోహం, గాలి మూడూ కలిసే సన్నటి అంచు బయటికి కనిపిస్తూ ఉంటుంది. గ్యాసు వచ్చి తాకేది ఆ అంచునే. మందపాటి ఫిల్ముతో చేసిన డయోడ్‌లో ఆ అంచు మొత్తం కాంటాక్ట్‌లో లెక్కలోకి రాదు. నానోవైర్‌లో కాంటాక్ట్ అంతా దాదాపు అంచే. ఈ పనికి నానోవైరే ఎందుకని వైవాలో అడిగితే ఈ ముక్క చెప్పు.

ఒక చివర ఓమిక్ చెయ్యడం ఎలా? వాంగ్ బృందం ఒక చివర ఫోకస్డ్ అయాన్ బీమ్‌తో, అంటే సన్నటి గాలియం అయాన్ల ధారతో ప్లాటినం వేసింది. ఆ బీమ్‌లోని గాలియం తీగలోకి దిగి గోడని చెడగొట్టి ఓమిక్ చేసేస్తుంది. ఆ యంత్రం మన జిల్లాలో దొరికేది కాదు. బెంగళూరు ఐఐఎస్సీ, బొంబాయి ఐఐటీ లాంటి చోట్ల బయటి కాలేజీ పిల్లలు ల్యాబు వాడుకోవడానికి ఐఎన్‌యూపీ అనే కార్యక్రమం ఉంది, మీ విభాగం తరఫున అప్లికేషన్ పెట్టించు. ఈలోగా రెండు చివరలా షాట్కీ ఉన్నా కొంప మునగదు. బ్యాటరీ ఎటు పెట్టినా ఒక గోడ ఫార్వర్డ్‌లో, ఒక గోడ రివర్స్‌లో ఉంటుంది, రివర్స్‌లో ఉన్నదే పెత్తనం చేస్తుంది. గీత రెండు వైపులా పడుకుంటుంది, చూడ్డానికి బాగోదు, పని చేస్తుంది.

మరి 32,000 శాతం అన్న అంకె చూసి మురిసిపోకు. శాతం పెద్దదవడానికి ఒక కారణం మొదట ఉన్న కరెంటు బాగా చిన్నదవడం. నీ ముక్కకే లెక్క వేద్దాం. గోడ 0.7 ఎలక్ట్రాన్ వోల్టు, కాంటాక్ట్ 100 నానోమీటర్ల వెడల్పు, ఒక మైక్రాన్ పొడుగు అనుకుందాం. సూత్రం ప్రకారం గది ఉష్ణోగ్రత దగ్గర గోడ దాటే కరెంటు 5 ఫెమ్టో ఆంపియర్లు. అది నీ మీటరుకి లేనట్టే లెక్క. 200 డిగ్రీలకు వేడి చేస్తే 0.25 నానో ఆంపియరు అవుతుంది, పర్లేదు, కొలవొచ్చు. నిజంలో గోడలోంచి దూసుకుపోయే ఎలక్ట్రాన్లు కూడా ఉంటాయి గనక ఇంకొంచెం ఎక్కువే వస్తుంది. కానీ వేడి పెంచినందుకు మూల్యం ఉంది. అలలు పెద్దవైతే గట్టు ఎత్తుకి విలువ తగ్గుతుంది కదా. గదిలో 0.06 తగ్గితే వచ్చే పదింతలకి, 200 డిగ్రీల దగ్గర 0.094 తగ్గాలి.

ఇప్పుడు మన ఊరి సంగతి. 0.25 నానో ఆంపియరు కొలుస్తున్నావు. నీ బోర్డు మీద రెండు ట్రాకుల మధ్య చేతి వేలి ముద్ర పడింది, అందులో ఉప్పు, పైన మన తీరపు చెమ్మ గాలి. అక్కడ నిరోధం ఒక గిగా ఓమ్‌కి పడిపోయిందనుకో, 1 వోల్టుకి 1 నానో ఆంపియరు ఆ దొంగదారినే పారిపోతుంది. నీ సిగ్నల్‌కి నాలుగింతలు! నువ్వు అమ్మోనియా అనుకుని వర్షాన్ని కొలుస్తావు. బోర్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, హీటరు పక్కన ఆరబెట్టి, సిగ్నల్ ట్రాకు చుట్టూ గార్డ్ రింగు, అంటే ఆ దొంగ కరెంటుని పక్కకి మళ్ళించే లోహపు గీత గీయించు. తీగ లేని ఖాళీ ముక్కని కూడా ఒకటి పెట్టి, ఆర్ద్రతతో దాని కరెంటు ఎంత ఊగుతోందో ముందు రాసుకో. ఈ ఒక్క కొలత లేక ఎన్ని ప్రాజెక్టులు వానాకాలంలో ఒక ఫలితం, ఎండాకాలంలో ఒక ఫలితం చూపించాయో నేను కళ్ళారా చూశాను.

చెరువు దగ్గరికి వద్దాం. తీగని నీళ్ళలో ముంచాలని నీకు ఆలోచన ఉంటే మానుకో. చెరువు నీళ్ళు లీటరుకి 10 గ్రాముల ఉప్పున్నా, నీళ్ళలోని అయాన్లు ఏ విద్యుదావేశాన్నైనా ఒక నానోమీటరు లోపే కప్పేస్తాయి. తీగకి బయటి కబురే అందదు. పైగా జింక్ ఆక్సైడ్ నీళ్ళలో మెల్లగా కరిగిపోతుంది కూడా. నీటి పైనుండే గాలిని కొలవడమే దారి. ఎంత కొలవాలంటావా? నీటి పరీక్ష కిట్టులో మొత్తం అమ్మోనియా లీటరుకి 1.5 మిల్లీగ్రాములు చూపించిందనుకో. పీహెచ్ 8, నీటి వేడి 30 డిగ్రీలైతే అందులో విషమైన రూపం సుమారు 7 శాతం, అంటే 0.1 మిల్లీగ్రాము. అమ్మోనియాకి నీళ్ళంటే మహా ఇష్టం, గాలిలోకి రానే రాదు. ఆ నీటి మీద గాలిలో ఉండేది 0.1 పీపీఎం పరిసరాల్లో, అంటే కోటి అణువుల్లో ఒకటి. నువ్వు పరీక్ష చేసింది 50 పీపీఎంతో. ఐదు వందల రెట్లు తక్కువ దాన్ని పట్టాలి నువ్వు. తిన్న గీత ముక్కల వల్ల అది అయ్యే పని కాదని ఇప్పుడు నీకే తెలుస్తుంది.

షాట్కీ ముక్క వల్లైనా తేలిగ్గా అవుతుందని నేను చెప్పను. 30 డిగ్రీల దగ్గర చెరువు మీద గాలిలో నీటి ఆవిరి 4 శాతం దాకా ఉంటుంది. ఒక్క అమ్మోనియా అణువుకి 4 లక్షల నీటి అణువులు. గోడ దగ్గర వాటి గోల కూడా వినిపిస్తుంది. గాలిని ఆరబెడదామని సిలికా జెల్ పెట్టకు, అది అమ్మోనియాని కూడా మింగేస్తుంది. అమ్మోనియాని ఆరబెట్టేది కాల్షియం ఆక్సైడ్ అని ఇంటర్‌లో చదివే ఉంటావు, నీళ్ళు తగలని రాతిసున్నం. మీ నాన్నగారి షెడ్డులో బస్తా ఉండొచ్చు గాని, గాలి తగిలి పొడైపోయినది పనికిరాదు, గడ్డగా ఉన్నది చూసుకో. ఒకేలాంటి రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి, ఒకదానికి చెరువు గాలి, రెండోదానికి అమ్మోనియా తీసేసిన అదే చెమ్మ గాలి ఇచ్చి తేడా చూడటం ఇంకా మంచి పద్ధతి. ఆమ్లంలో తడిపి ఆరబెట్టిన ఫిల్టరు కాగితం గుండా పంపితే అమ్మోనియా అక్కడే ఆగిపోతుంది, ఆవిరి సాగిపోతుంది.

అన్నట్టు, రొయ్యలు రాత్రికి రాత్రి తేలాయన్నావు కదా. పగలు నాచు కార్బన్ డయాక్సైడ్ తినేసి పీహెచ్‌ని పెంచుతుంది. 9కి చేరిందంటే విషమైన అమ్మోనియా వాటా 7 నుంచి 45 శాతం దాకా లేస్తుంది. అది జరిగేది మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలప్పుడు. తెల్లవారుజామున పీహెచ్ అడుగున ఉంటుంది, అప్పుడు అడుగంటేది ఆక్సిజన్. రాత్రి తేలాయంటే నేను ముందు అనుమానించేది ఆక్సిజన్నే, ఆ రాత్రి కరెంటు ఎంతసేపు పోయింది, జనరేటరు ఎప్పుడు వేశారు, ఏరేటర్లు ఎన్ని తిరిగాయి అని మీ నాన్నగారిని అడుగు. అమ్మోనియా వాటిని అప్పటికే నీరసపెట్టి ఉండొచ్చు, కాదనను. నీ సెన్సర్‌కి మాత్రం చెరువు గట్టున పరీక్షకి సరైన వేళ పగలు మూడు గంటలే.

షాట్కీ ముక్కలు చాలా సుకుమారం. సిల్కు చున్నీ రాసుకుని వచ్చి పిన్ను ముట్టుకుంటే చాలు, స్థిర విద్యుత్తుకి గోడ చిల్లుపడుతుంది. మణికట్టుకి ఎర్త్ పట్టీ కట్టుకోకుండా డబ్బా తెరవకు. ఉన్నవి రెండే.

బ్యాటరీ తిప్పి తీసిన గీతలు, ఖాళీ ముక్క గీత మూడూ తీశాక మళ్ళీ రాయి. గీతలతో పాటు ఆ రోజు ల్యాబులో ఆర్ద్రత ఎంతుందో కూడా మూలన వేసి పంపు.